మూడు వారసత్వముల పాము

భద్రాచలపు మన్యమునకును సత్తుపల్లి మాగాణులకును నడుమ పొలిమేరగా నిలిచిన మా దమ్మపేట ప్రాంతమున, తొలకరి జల్లులు కురిసి ఎఱ్ఱనేల గుల్లబారిన పిమ్మట, పామాయిల్ తోటలలో నరికి పేర్చిన మట్టల క్రిందను, ఇండ్ల పెరళ్ళలో పూలకుండీల అడుగునను, బావిగట్టు రాళ్ళ సందులలోను, జానెడైనను నిడివి లేని నిగనిగలాడు నల్లని ప్రాణి యొకటి అప్పుడప్పుడు వెలికి వచ్చి, వెలుతురు సోకినంతనే మరల మట్టిలోనికి దూరుచుండును. కొందరు దానిని వానపామని యెంచి పట్టించుకొనరు. కొందరు త్రాచుపిల్ల యని భ్రమించి చెప్పుతో రాచివేయుదురు. నిద్రించువాని చెవిలో దూరునని బెదరి కుండీలో వేడినీళ్ళు క్రుమ్మరించు వారును లేకపోలేదు. మా వైపు గుడ్డిపామని పిలువబడు ఈ జీవికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ఇండోటిఫ్లాప్స్ బ్రామినస్. దీని జన్యుక్రమమును సమగ్రముగా చదివి, ఆ వృత్తాంతమును 2025లో సైన్స్ అడ్వాన్సెస్ అను పత్రికలో ప్రకటించిరి. కాటు వేసి మనుష్యులను చంపనిదియు, చర్మమునకై గాని మందునకై గాని ఎవరును వెదకనిదియు నగు ఇంతటి అల్పప్రాణి దేహలిపిని అంతటి శ్రద్ధతో చదివిన వారున్నారన్న సంగతియే నన్ను ముందుగా ఆకర్షించినది; ఆ చదువులో బయల్పడిన విషయము మాత్రము చాలకాలము నా మనస్సును విడువలేదు.

ఈ పాము శాస్త్రలోకమునకు పరిచితమైనదే తెలుగు గడ్డమీద. ఈస్టిండియా కంపెనీ కొలువులో ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా 1785లో నియమితుడైన పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు వైద్యుడు, విశాఖపట్టణమున నివసించి, పాములు పట్టువారిని పిలిపించి, ఒక్కొక్క పామును ఇక్కడివారు ఏ పేరున పిలుతురో అడిగి వ్రాసికొని, రంగుల పటములు సిద్ధపరపించి, 1789లో స్వదేశమునకు మరలి, 1796లో కోరమండల్ తీరపు సర్పములను గూర్చిన బృహద్గ్రంథమును ప్రకటించెను. రక్తపింజరకు ఇంగ్లీషువారు నేటికిని ఆయన పేరే వాడుచున్నారు. విషపుపాములను విషములేని వానినుండి వేరుపరచి సామాన్యజనుల ప్రాణములను కాపాడవలెనన్నది ఆయన ముఖ్యసంకల్పమే యైనను, ఎవరికిని హాని చేయని ఈ చిన్నపామును గూడ ఆయన విడిచిపెట్టలేదు. స్థానికులు చెప్పిన రెండు తలల పాము అను పేరుతోనే అది ఆ గ్రంథమున కెక్కినది. ఆ వర్ణనమును ఆధారముగా గొని 1803లో దానికి శాస్త్రీయనామము పెట్టినవాడు ఫ్రాన్సు దేశీయుడైన దోదేన్. చిన్ననాడే వ్యాధివలన కాళ్ళు చచ్చుబడి, కదలలేకపోయినను, భార్య చిత్రములు గీయుచుండగా ప్రపంచమందలి సరీసృపములన్నిటిని సంపుటములలో వర్ణించిన ఆ యువకుడు, ఈ పామునకు పేరు పెట్టిన యేటనే, ఇరువదియేడేండ్ల ప్రాయమున కన్నుమూసెను. జాతి మూలస్థానముగా గ్రంథములలో నేటికిని నిలిచియున్నది మన విశాఖపట్టణమే. బెంగుళూరులోని భారతీయ విజ్ఞానసంస్థకు చెందిన పరిశోధకులు 2023లో దీనిని వేరొక ప్రజాతిలో చేర్చి వర్గోటిఫ్లాప్స్ అని పిలువవలెనని ప్రతిపాదించిరి గాని, నాకు అలవాటైన పేరునే ఇచ్చట వాడుచున్నాను.

దీనిని నేను మిక్కిలి దగ్గరగా చూచినది మా మండలములోని ఒక పామాయిల్ నర్సరీలో. నల్లని పాలిథిన్ సంచులలో మట్టి నింపి మొక్కలను పెంచి, ఏడాది దాటిన పిదప వానిని సంచులతోనే ట్రాలీల కెత్తి తోటలకు తరలింతురు. అట్టి సంచి యొకటి చినిగి మట్టి జారగా, పనిలోనున్న ఒక యమ్మాయి కెవ్వున అరచి వెనుకకు దూకినది. ఆమె ప్రక్కనున్న పెద్దావిడ వంగి ఆ నల్లని ప్రాణిని అరచేతిలోనికి తీసికొనెను.

"ఇది కరుద్దా పెద్దమ్మా?" అని అమ్మాయి దూరమునుండియే అడిగినది.

"దీనికి నోరెక్కడుందే కరవటానికి? చెదలు తినిపోద్ది. చూడండి సారూ, తోకతో ఎట్టా పొడుస్తందో" అని ఆమె చేయి నా ముందునకు చాచినది.

నేను కన్నులు దగ్గరకు చేర్చి చూచితిని. తల యేదో తోక యేదో మొదట పోల్చుకొన శక్యము కాలేదు. ఒక కొననుండి వెండ్రుకవంటి నాలుక వెలుపలికి వచ్చి చర్మమును తడవి లోనికి పోయినప్పుడు గాని అది తల యని తెలియలేదు. ఆ తలకు రెండు ప్రక్కల, అర్ధపారదర్శకములైన పొలుసుల క్రింద, సూదిమొన యంతటి నల్లని చుక్కలు, అవియే కన్నులు. రెండవ కొనను సన్నని ముల్లు గలదు; దానిని అరచేతికి ఆనించి, ఆ ఊతమున దేహమంతయు ముందునకు నెట్టుకొనుచున్నది. వ్రేళ్ళు ముడిచినచో సందులనుండి జారిపోవును. తెరచినచో చీకటి గల దిక్కు వెదకును. పట్టుమని నిమిషమైనను నిలువక అది మరల సంచిలోని మట్టిలోనికి దిగిపోయినది. ఆ సంచిని వేరొక సంచిలో దించి, మొక్కను ట్రాలీ కెక్కించిరి. మొక్కతో బాటు పామును ఏదో తోటకు ప్రయాణమై పోయినది.

ప్రపంచమంతట ఇది ప్రయాణించిన తీరు ఇదియే. ఓడలలో పోయిన మొక్కల వేళ్ళమట్టిలో దాగి, ఆఫ్రికా తీరములకు, ఆస్ట్రేలియా ఉత్తరభాగమునకు, మెక్సికోకు, ఫ్లోరిడాకు, నేలపాము లన్నవే యెఱుగని హవాయి దీవులకు ఇది చేరినది. అందుచేతనే ఇంగ్లీషువారిలో దీనికి పూలకుండీ పాము అను పేరు రూఢమైనది. పశ్చిమాఫ్రికా అడవులలో పుట్టిన పామాయిల్ చెట్టు, దక్షిణాసియాలో పుట్టినదని తలచబడుచున్న ఈ పాము, ఒకటి అటునుండి ఇటునకు, ఒకటి ఇటునుండి అటునకు మనుష్యుల చేతులమీదుగా సముద్రములు దాటి, మా దమ్మపేట నర్సరీలో ఒకే సంచిలో కలిసికొన్నవి. చెట్టు మగపూవులను ఆడపూవులను వేఱువేఱు కాలములందు వేయును గనుక, ఒక చెట్టు పుప్పొడిని మఱియొక చెట్టుకు చేరవేయుటకై కామెరూన్ దేశపు ముక్కుపురుగును వెదకి తెచ్చి మన తోటలలో విడువవలసి వచ్చినది. పామునకు అట్టి అవసరమే కలుగలేదు. ఏలయన ఈ జాతిలో మగది లేదు.

ఇది అతిశయోక్తి కాదు. లోకములో ఎచ్చట పట్టి పరిశీలించినను దొరకినవన్నియు ఆడువే. 1980లో సేషెల్స్ దీవులందు దీనిని పరిశోధించిన నుస్‌బామ్ అను శాస్త్రజ్ఞుడు, ఇది అనిషేకజననమువలన, అనగా మగదాని సంపర్కము లేకయే, పిల్లలను కనుచున్నదని వివరముగా ప్రకటించెను. 1987లో మఱికొందరు దీని కణములను పరిశీలించి, తల్లినుండి ఒకటియు తండ్రినుండి ఒకటియు చొప్పున సర్వసాధారణముగా రెండేసిగా నుండవలసిన క్రోమోజోములు ఇందు మూడేసిగా నున్నవని, అనగా ఇది త్రయస్థితిక జీవి యని తేల్చిరి. కొండచిలువలు మున్నగు కొన్ని పాములలో మగతోడు లేని తల్లికి పిల్లలు పుట్టిన సందర్భములు అక్కడక్కడ కలవు గాని, జాతి జాతియంతయు ఆ విధముననే బ్రదుకుచున్న పాము ఇది యొక్కటే. తల్లి బియ్యపుగింజ ప్రమాణము గల గ్రుడ్లను కొలదిగా పెట్టును. వానినుండి వెలువడునవి తల్లికి ప్రతిరూపములైన కూతుండ్రు. ఒక్క గ్రుడ్డు, ఒక్క సంచిలో, ఒక్క దీవికి చేరిన చాలును. అచ్చట ఒక వంశము స్థిరపడును.

జన్యుక్రమమును చదువుట యనగా ఏమో ఇచ్చట కొంత నిదానించి చెప్పవలసియున్నది. ప్రతి జీవకణమునందును గల డి.ఎన్.ఏ. నాలుగే రసాయనాక్షరములతో వ్రాయబడినది. పామునందు ఒక ప్రతిలోని అక్షరముల సంఖ్య నూఱుకోట్లకు పైమాట. అంత గ్రంథమును మొదటినుండి తుదివఱకు ఏకధాటిగా చదువగల యంత్రము లేదు. దానిని తునుకలుగా ఖండించి, ఒక్కొక్క తునుకను చదివి, ఒకదాని కొన మఱియొకదాని మొదటితో సరిపోవు చోట్లను పోల్చి, వరుసగా కూర్పవలెను. సాధారణజీవులలో రెండు ప్రతులుండుటచేతనే ఆ కూర్పు కష్టము. ఇందు మూడు ప్రతులు, ఒకదానినొకటి చాలవఱకు పోలియుండియు అచ్చటచ్చట భేదించునవి, ముక్కముక్కలై కలిసిపోయియున్నవి. ఒకే కావ్యమునకు మూడు వేఱు లేఖకుల తాళపత్రప్రతులు త్రాడు తెగి, ఆకులన్నియు ఒకే మూటలో చేరినప్పుడు, మదరాసు ప్రాచ్యలిఖిత పుస్తకాలయమున వేటూరి ప్రభాకరశాస్త్రిగారివంటి పరిష్కర్తలు అక్షరముల వంపును, పాఠభేదములను చూచి ఏ ఆకు ఏ ప్రతిదో నిర్ణయించుటకు ఎంత ఓర్పు కావలసియుండునో, ఈ పని కంతటి ఓర్పు కావలెను. పొడవైన తునుకలను చదువు నూతనయంత్రములు, కణకేంద్రకములో ఏ భాగము ఏ భాగమునకు సమీపమున ఉండునో కనిపెట్టు పద్ధతులు వచ్చిన పిమ్మట గాని అది సాధ్యపడలేదు.

టెక్సాస్ రాష్ట్రమున ఆర్లింగ్టన్ విశ్వవిద్యాలయమునందలి మాథ్యూ ఫుజీతాయు, ఇతర పరిశోధకులును కలిసి చేసిన ఆ పఠనమువలన, దీని క్రోమోజోములు 40 అనియు, అవి మూడు ఉపజన్యుసముదాయములుగా ఏర్పడియున్నవనియు తెలిసినది. నలువది మూడింట భాగింపబడని సంఖ్య యగుట గమనింపదగినది; కొన్ని క్రోమోజోములు ఏనాడో ఒకదానితో నొకటి అతుకుకొనిపోయిన జాడలు అందు కనబడినవి. గ్రుడ్డు ఏర్పడుటకు ముందు కణము తన డి.ఎన్.ఏ.ను ఒకసారి అదనముగా రెట్టించుకొనును; అప్పుడు ప్రతి క్రోమోజోమును తన ప్రతిరూపముతోనే జతకూడి విభజన పొందుటచే, మూడు సముదాయములును ఏ లోపమును లేక గ్రుడ్డులోనికి దిగివచ్చును. మగదాని యవసరము లేకపోవుట కిదియే మర్మము.

నన్ను విడువనిది ఇచ్చటి సంగతియే. మనము దీనిని ఏకాకి యనుకొందుము. మగతోడు లేదు, గూడు లేదు, కంటికి లోకము లేదు. ఒక్కతెయే మట్టిలో తిరుగును. కాని దాని ప్రతికణమునందును ముగ్గురు పూర్వుల వారసత్వములు, ఒకటి మఱియొకదానిలో కరగిపోక, వేఱువేఱుగా గుర్తింపదగిన రూపమున, తల్లినుండి కూతునకు, కూతునుండి మనుమరాలికి, చెక్కుచెదరక నడచివచ్చుచున్నవి. భిన్నవంశముల కలయికయే ఇట్టి జీవుల పుట్టుకకు కారణమని శాస్త్రజ్ఞుల భావన. తల్లిదండ్రులనుండి రెండు పాళ్ళు తెచ్చుకొని, అందు సగము మాత్రమే బిడ్డకు పంచి, మిగిలిన సగమును తనతోడనే మట్టిపాలు చేసికొను మనుష్యునికంటె, ఈ గుడ్డిపాము తన పెద్దలసొత్తును ఎంత పూర్ణముగా కాపాడుకొనుచున్నది! తోడు లేని బ్రదుకును దీనమనుకొను మన అలవాటు, ఈ మూడు ప్రతుల సాక్ష్యము ముందు, నాకు నిలువలేదు. ఇట్టి సంతతిలో దోషములు తరతరమునకు పేరుకొని జాతి క్షీణించునని శాస్త్రజ్ఞులకొక అనుమానము కలదు; మూడు ప్రతులలో ఒకటి చెడినను తక్కిన రెండును పని నడపగలుగుట ఆ క్షీణతకు కొంత అడ్డు కావచ్చును.

పోగొట్టుకొన్నవి మాత్రము లేకపోలేదు. పాములన్నియు కాళ్ళు గల బల్లుల వంశమునుండి వచ్చినవే. పిండములో కాళ్ళు మొలిపించు జన్యువు పాములలో నేటికిని కలదు. దానిని మేల్కొలుపు నియంత్రక భాగమున పదియేడు అక్షరములు జారిపోయినవని 2016లో సెల్ పత్రికలో ప్రకటించిరి. పాము యొక్క ఆ భాగమును ఎలుకలో పెట్టినప్పుడు ఎలుకపిల్లకు కాళ్ళు మొలవలేదు. ఆ పదియేడక్షరములను పూరించి పెట్టినప్పుడు మరల మొలిచినవి. ఇక కంటి సంగతి: మనుష్యునికి రంగులు పోల్చుకొను వర్ణకములు మూడు, మసక వెలుతురులో చూపునిచ్చునది ఒకటి కలవు, గుడ్డిపాముల వర్గమున మసకవెలుతురు వర్ణకము ఒక్కటియే మిగిలినది. కనుక పేరునకు గుడ్డిదే గాని, వెలుతురెటున్నదో చీకటియెటున్నదో దీనికి తెలియును. చీమల గ్రుడ్లు, చెదల పిల్లలు ఆహారముగా గలదానికి, వాసన పట్టు నాలుక యుండగా, అంతకుమించిన చూపుతో పనిలేదు. చెద తలను ఏదేని గట్టి వస్తువునకు రాచి ఊడదీసి, మెత్తని దేహమును మాత్రమే మ్రింగుటను జపాను దేశమున పరిశోధకులు గమనించిరి. ఇట్టిదానిని లోపభూయిష్టమైన జీవి యని ఎట్లనగలము?

ఇంత శ్రమపడి దీనిని చదివినందువలన లాభమేమి యని అడుగువారున్నారు. ఆ ప్రశ్నను నేను తేలికగా త్రోసివేయను. మన దేశమున పాముకాటువలన ఏటేట సుమారు 58,000 మంది మరణించుచున్నారు. వారిలో పొలములలో పనిచేయు పేదలే యధికులు. మన నాగుపాము జన్యుక్రమమును సోమశేఖర్ శేషగిరి బృందమువారు 2020లో నేచర్ జెనెటిక్స్ పత్రికలో ప్రకటించి, విషగ్రంథిలో మాత్రమే పనిచేయు 19 విషజన్యువులను గుర్తించిరి. గుఱ్ఱముల రక్తమునుండి తీయు నేటి మందుకంటె మేలైన విరుగుడునకు అది దారితీయవచ్చును. నాగుపామునకే ముందుగా పీట వేయుట న్యాయమే. కాని లాభమెన్నడు ఎచ్చటినుండి వచ్చునో ముందుగా ఎవ్వరు చెప్పగలరు? లాల్జీ సింగ్ అను శాస్త్రజ్ఞుడు బంగారు కట్లపాములో ఆడదానికి ప్రత్యేకమైన డి.ఎన్.ఏ. భాగమును వెదకినప్పుడు ఆయన ఆసక్తి ఆడ-మగ భేదమెట్లు నిర్ణయింపబడునన్న శుద్ధశాస్త్రప్రశ్న మీదనే. ఆ పాము డి.ఎన్.ఏ. ముక్కయే తరువాత హైదరాబాదునందలి సి.సి.ఎం.బి. అను కణ, అణుజీవశాస్త్ర పరిశోధనకేంద్రములో మనుష్యుల డి.ఎన్.ఏ. వేలిముద్రలకు సాధనమై, మన న్యాయస్థానములలో తండ్రి యెవడో, హంతకుడెవడో తేల్చుటకు అక్కఱకు వచ్చినది.

తెలియనితనమువలన కలుగు నష్టము మాత్రము మన కన్నులయెదుటనే యున్నది. మట్టిలో బ్రదుకు మఱియొక పాము, మొద్దుతోక గల ఎఱ్ఱని పాము, నేడు రెండు తలల పామన్న పేరుతో తెలుగు జిల్లాలలో దొంగచాటుగా అమ్ముడుపోవుచున్నది. ఇంట నుంచుకొన్నచో లంకెబిందెలు దొరకుననియు, విదేశములవారు లక్షలు కోట్లు ఇత్తురనియు నమ్మించి దళారులు పేదవారిచేత దానిని పట్టింతురు. పట్టినవాడు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద జైలు పాలగును. ఎలుకలను తిని చేను కాచు పాము సంచిలోనే చచ్చును. దానికున్నది ఒక్కటే తల. తోక మొండిగా నుండుట శత్రువును ఏమరించుటకై ప్రకృతి చేసిన ఏర్పాటు. ఈ యొక్క విషయము ప్రతి బడిలోను చెప్పియున్నచో ఎన్ని పాములు, ఎన్ని కుటుంబములు దక్కియుండెడివో!

మా ప్రాంతమున అశ్వారావుపేటలో వ్యవసాయ కళాశాల యున్నది; అప్పారావుపేటలో గెలలు ఆడించు ఫ్యాక్టరీ యున్నది; ఊరూర నర్సరీలున్నవి. ఇప్ప, మద్ది, టేకు చెట్లు నిలిచిన నేలలు ఒక తరములో పామాయిల్ తోటలైనప్పుడు మట్టిలోని ప్రాణులలో ఏవి మిగిలినవో, ఏవి పోయినవో లెక్క వ్రాయుటకు కోట్ల రూపాయల యంత్రములు అక్కఱలేదు. ఒక నోటుపుస్తకమును, ఓపికయు గల విద్యార్థులు చాలుదురు. రెండువందల యేండ్ల క్రిందట పరదేశి వైద్యుడొకడు మన పాములవారిని అడిగి వ్రాసికొన్నపాటి శ్రద్ధ మన పిల్లలకు మనము నేర్పలేమా? ఆ విద్యార్థులు మొదట అడుగవలసినది నర్సరీలో సంచులు మోయు ఆ పెద్దమ్మవంటి వారిని. మట్టిలోని ప్రాణులను నిత్యము చేతులతో తాకుచున్నవారు వారే.

చదువరులకు నా మనవి యొక్కటి. పూలకుండీ మట్టి మార్చునప్పుడో, మొక్క నాటునప్పుడో, సన్నని నల్లని పాము కనబడినచో, ముందుగా పిల్లలను దూరముగా నిలిపి నిదానముగా చూడుడు. కట్లపాము పిల్లలును నల్లగానే యుండును గనుక, గుర్తు తెలియనిదానిని చేతితో ముట్టకుడు. తల తోక ఒక్క తీరుగా నుండి, కన్ను చుక్కవలె పొలుసు క్రింద దాగియున్నచో అది గుడ్డిపామే. చేటలోనికో అట్టముక్క మీదికో తీసికొని, తడిగల నీడపట్టున మట్టిలో విడిచిపెట్టుడు. దానికి విషము లేదు. అది మనుష్యుని కరువదు. మీ పెరటిలోని చెదలను తినును.